చివరి గుర్రానికి బహుమతి

"నువ్వు కాకపోతే ఇంకెవరు క్యాన్సిల్ చేస్తారు, టామ్సిన్?"

"నాకేం తెలుసమ్మా? నేను చెయ్యలేదని పొద్దున్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా."

"పని మానుకుని ఇంటికొచ్చి మరీ మొత్తుకుంటున్నావు చూడు, అదే నాకు అనుమానం."

"నువ్వే కదా ఫోన్ చేసి ఉన్నపళంగా రమ్మన్నావ్!"

వాదనలో వెనకబడినప్పుడు కోరలీ ఏదో ఒకటి బల్ల మీద పెడుతుంది. ఈసారి ఫోన్ పెట్టింది. బర్లీలో, మెషీనుతో మొహం ముడతలు తీసే క్లినిక్ నుంచి ఏడింటికి వచ్చిన మెసేజ్ అందులో ఉంది. మీరు కోరిన ప్రకారం ఈ రోజు మీ అపాయింట్‌మెంట్ రద్దు చేశాం అని దాని సారాంశం. కోరలీ ఏమీ కోరలేదు.

ఆవిడ మొగుడు డెస్ టోస్టు మీద నల్లటి వెజిమైట్ పేస్టు రాసుకుంటూ, తలెత్తకుండా అన్నాడు. "ఆ మెషీనే చెప్పి ఉంటుంది. ఈ మొహానికి నేనెందుకు, బానే ఉందిగా అని."

"నువ్వు మాట్లాడకు."

"మాట్లాడట్లేదు కోరల్. తింటున్నా."

ముప్పై మూడేళ్ళు జనం స్నానాల గదుల్లో టైల్స్ అతికించి రిటైరైన మనిషి. మోకాళ్ళు పోయాయి గానీ నోరు పోలేదు. భార్య మొహం మీద ముడత ఎక్కడుందో చూపించమంటే కళ్ళద్దాలు వెతుక్కుంటాడు. ఆ ప్రేమ కోరలీకి తెలుసు. కానీ ఏజెంటుగా ఆవిడ అమ్మే ఇళ్ళు కొనేవాళ్ళు డెస్ కళ్ళతో చూడరు కదా.

మొన్న శనివారం ఎస్‌ప్లనేడ్ రోడ్డులో అమ్మకానికున్న ఇల్లు చూపించడానికి వెళ్ళింది. గేటు దగ్గర నిలువెత్తు బోర్డు, దాని మీద నవ్వుతున్న కోరలీ హాడో. పదకొండేళ్ళ నాటి ఫోటో అది. చెప్పులు విప్పి లోపలికొచ్చిన ఒకాయన, రిజిస్టర్లో పేరు రాస్తూ చుట్టూ చూశాడు. "బోర్డు మీదున్న అమ్మాయి రాలేదా? మీరు వాళ్ళమ్మగారా?" అనడిగాడు, ఎంతో మర్యాదగా. ఆ మాట సోమవారానికల్లా ఆఫీసులో యజమాని గ్రాంట్ చెవిన పడింది. సెప్టెంబరులో, ఈ దేశపు వసంతంలో, ఇళ్ళ అమ్మకాలు మొదలయ్యేలోపు కొత్త ఫోటో కావాలి, లేదంటే బోర్డుల మీద తోటి ఏజెంటు జాక్సన్ మొహం పెడతానన్నాడు. జాక్సన్‌కి ఇరవై ఆరేళ్ళు. ఈ ఊళ్ళో బోర్డు మీద మొహం లేని ఏజెంటుకి ఇల్లు అమ్మిపెట్టమని ఇచ్చేవాళ్ళుండరు.

అందుకే ఇప్పుడు ఆ మెషీను తప్పనిసరి. చర్మాన్ని లోపల్నుంచి వేడి చేసి, కొయ్యకుండా కుట్టకుండా బిగిస్తుందట. పని కనిపించడానికి మూడు నెలలు. ఇది జూన్. మూడు వారాల ముందే, శనివారం అవమానం ఇంకా జరగక ముందే, అద్దం చెప్పిన మాట విని కోరలీ బుక్ చేసుకుంది.

"నీకు మొదట్నుంచీ ఇష్టం లేదు ఆ మెషీను" అంది కోరలీ కూతురితో.

"ఇష్టం లేదని చెప్పా. ఇప్పుడూ చెప్తా. నీకు చర్మం జారింది తక్కువ, లోపల ఖాళీ అయింది ఎక్కువ. కళ్ళ కింద చూడు, నోటి పక్కన చూడు. దూది పోయిన దిండుకి గలీబు బిగిస్తే ఏం లాభం? నీకు కావల్సింది ఫిల్లరు, సూదితో లోపల నింపే మందు."

"రోజంతా సూదులు పొడిచేదానివి, నీకు అందరి మొహాలూ ఖాళీగానే కనిపిస్తాయి."

"నేను పొడవను నీకు. సొంతవాళ్ళకి చెయ్యకూడదు, మా క్లినిక్‌లో నియమం. వేరేవాళ్ళ దగ్గరికి పంపిస్తా. నాకు దాంట్లో వచ్చేదేం లేదు, చాలా?"

"బీచ్ దగ్గర సర్ఫ్ క్లబ్బులో చూడట్లేదా ఆ సూదుల మొహాల్ని! అందరికీ ఒకే పెదాలు, ఒకే బుగ్గలు. ఎవరు ఎవరి పెళ్ళామో మొగుళ్ళకే తెలియాలి."

"వాళ్ళకీ తెలియట్లేదంటున్నారు" అన్నాడు డెస్.

టామ్సిన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతూనే తల్లి మొహంలోకి వంగి, పనిమంతురాలి చూపుతో చూసింది. "విచిత్రం ఏంటంటే అమ్మా, నీ బుగ్గలు మాత్రం నిండుగానే ఉన్నాయి. చుట్టూ అంతా తగ్గి, అవొక్కటే అలా ఎలా ఉన్నాయో."

"మా అమ్మ పోలిక" అంది కోరలీ, కాస్త గర్వంగా. "వెర్నాకీ అంతేగా."

"వెర్నా పెద్దమ్మ బుగ్గలు మెషీనువీ కావు, అమ్మమ్మవీ కావు. ఈ మాట నేనన్నానని చెప్పకు."

చెప్పే అవసరం రాలేదు. దోమతెర తలుపు కిర్రుమంది. వెర్నా గుమ్మడికాయ స్కోన్లనే చిన్న రొట్టెల డబ్బా పట్టుకుని వంటింట్లోకి వచ్చేసింది. రెండు వీధుల అవతల ఉంటుంది. అరవై రెండేళ్ళు. చెల్లెలికంటే ఐదేళ్ళు పెద్దదన్నమాట ఎవరూ నమ్మరు. నమ్మనివాళ్ళందరికీ ఆవిడ ఆ మెషీను పేరే చెప్తుంది. కోరలీకి ఆ పిచ్చి ఎక్కించింది కూడా ఆవిడే.

"ఏంటీ గొడవ? వీధి మొదట్లోకే వినపడుతోంది."

"నా అపాయింట్‌మెంట్ ఎవరో క్యాన్సిల్ చేశారు."

వెర్నా డబ్బా మూత తీసింది. స్కోన్లు పళ్ళెంలో సర్దింది. ఒకటి జారితే మళ్ళీ సరిచేసింది.

"పోనీలే కోరీ. మంచిదే అయింది."

"మంచిదేంటి?" అంది కోరలీ.

"ఆ మెషీను నొప్పే. దవడ ఎముకల్లోకి దిగుతుంది. నీకసలే ఓర్పు తక్కువ. టామ్సిన్ చెప్పినట్టు సూదులే నయమేమో, ఒక పూటలో అయిపోతుంది."

టామ్సిన్ నోరు తెరిచింది. "నువ్వా పెద్దమ్మా ఈ మాటనేది? జనవరి నుంచి మెషీను, మెషీను అని మా చెవులు ఊదరగొట్టి!"

"మనిషన్నాక మనసు మార్చుకోకూడదా? సూదులకైతే ముందు స్కాన్లూ అవీ ఏమీ ఉండవు కదా?"

"స్కాన్ సంగతి నీకెందుకు?" అంది కోరలీ.

"నువ్వే చెప్పావుగా, ఆదివారం. ఈ డాక్టరు మెషీను పెట్టే ముందు మొహం మొత్తం స్కాన్ చేస్తుందని."

చెప్పింది నిజమే. అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ ఆ ఆదివారం కోరలీ కళ్ళ ముందుకి వచ్చింది. ఆ మాట వినగానే వెర్నా టీ కప్పు కింద పెట్టేసింది. పొయ్యి మీద ఏదో పెట్టి మర్చిపోయానని సగంలో లేచి వెళ్ళిపోయింది. వెర్నా కప్పులో టీ వదిలేసే రకం కాదు.

కోరలీ ఫోన్ తీసుకుని వరండాలోకి నడిచింది.

క్లినిక్‌లో ఫోనెత్తినావిడ మర్యాదగానే మాట్లాడింది. "నిన్న సాయంత్రం మీరే చేశారు కదండీ. పుట్టిన తేదీ అడిగితే అదీ చెప్పారు. అందుకే తీసేశాం."

"నేను చెయ్యలేదు. ఆవిడ పేరేమని చెప్పింది?"

"మీ పేరే. అంటే... ముందు కోరీ అన్నారు. నేను రెండోసారి అడిగితే, అప్పుడు కోరలీ హాడో అన్నారు."

ఆఫీసులో ఆవిడ కోరలీ, మొగుడికి కోరల్. కోరీ అని పిలిచే మనుషులు భూమ్మీద ఇద్దరే ఉండేవాళ్ళు. వాళ్ళమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది.

"హలో? పదిన్నరకి డాక్టరుగారికి ఖాళీ ఉంది. వస్తారా?"

"వస్తాను."

దోమతెరలోంచి లోపలికి చూసింది. వెర్నా స్కోన్‌ని రెండు ముక్కలు చేసి, డెస్‌కి వెన్న రాసి పెడుతోంది. అదే చెయ్యి చిన్నప్పుడు తనకి జడలు వేసింది. ఆ క్షణంలో కోరలీకి కోపం రాలేదు. భయం వేసింది. పుట్టినప్పట్నుంచీ తెలిసిన మనిషి తన పేరుతో ఫోన్ చేసి, తన గొంతులా మాట్లాడి, తెల్లారేసరికి స్కోన్లు తెచ్చిపెట్టింది.

లోపలికి వచ్చి ఒక్క మాటే అంది. "టామ్సిన్, కారు తాళాలు తీసుకో."

కోరలీ క్షమాపణలు అంతకంటే పెద్దగా ఉండవు. టామ్సిన్ తాళాలు తీసుకుంది. ఎక్కడికని వెర్నా అడగలేదు.

* * *

డాక్టర్ పెరీరా జెల్లు రాసి, చిన్న సబ్బుబిళ్ళంత స్కాన్ పరికరాన్ని కోరలీ బుగ్గ మీద జరుపుతోంది. అప్పటిదాకా తన తమ్ముడి ఇంటి వేట గురించి ఏదో చెప్తున్న మనిషి, మధ్యలో ఆగిపోయింది. ఎడమ బుగ్గ చూసింది. కుడి బుగ్గ చూసింది. మళ్ళీ ఎడమవైపుకి వచ్చింది.

"కోరలీ, ఇంతకుముందు ఫిల్లర్లు వేయించుకున్నారా అన్నదానికి ఫారంలో లేదని రాశారు."

"లేదు కాబట్టే రాశాను."

డాక్టరు టామ్సిన్ వైపు చూసింది. "కావాలంటే మీ అమ్మాయిని కాసేపు బయట కూర్చోమందాం. కొన్ని మాటలు ఇంట్లోవాళ్ళ ముందు చెప్పలేం. నేనేమీ అనుకోను."

కోరలీకి ఒళ్ళు మండింది. "నేను అబద్ధం చెప్తున్నాననుకుంటున్నారా? తనని ఉండనివ్వండి. నా మొహంలో నాకు తెలియకుండా ఏముంటుంది?"

"ఇటు చూడండి."

తెర మీద బూడిదరంగు చారలు. చర్మం ఇది, ఎముక ఇది అని డాక్టరు వేలితో చూపించింది. మధ్యలో, బుగ్గ ఎత్తుగా ఉండే చోట, పొగ కమ్మినట్టు తెల్లగా ఉంది. ఆ పొగ వెనక ఏమీ కనిపించడం లేదు. టామ్సిన్ కుర్చీలోంచి లేచి దగ్గరికి వచ్చింది. తెర చూసింది, తల్లిని చూసింది. ఆ పిల్ల మొహంలో రంగు పోవడం కోరలీ గమనించింది.

"మామూలు ఫిల్లరైతే నల్లగా, చిన్న గుంటలా కనపడుతుంది. దాన్ని కరిగించే మందుంది. ఇది అలా లేదు" అంది డాక్టరు.

"మరేంటిది?"

"చూసి చెప్పలేను. ఏం వేశారో వేసినవాళ్ళకే తెలియాలి. ఇంకో పరీక్ష రాస్తాను. అప్పటిదాకా మెషీనూ వద్దు, సూదీ వద్దు. అదేంటో తెలియకుండా దాని మీద నేను వేడి పెట్టను."

"నేనెప్పుడూ..."

"ఫిల్లరని చెప్పకపోయి ఉండొచ్చు. పార్లర్లో, స్నేహితులింట్లో, మొహానికి ఎప్పుడైనా, ఏ సూదైనా?"

కోరలీ పెదాలు కదిలాయి. "విటమిన్" అంది.

"ఏ విటమినమ్మా?" టామ్సిన్ తల్లి మీదికి వంగింది. "ఎప్పుడు? ఎక్కడ?"

మూడేళ్ళ కింద, నవంబరులో, మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెం రోజు. దేశంలో అందరూ పని ఆపి టీవీ ముందు కూర్చునే మంగళవారం. వెర్నా ఇంట్లో ఏటా భోజనాలు. ఈకల టోపీలు, రొయ్యలు, షాంపేన్. టోపీలోంచి తలా ఒక చీటీ తీస్తారు, ఏ గుర్రం పేరొస్తే ఆ గుర్రం వాళ్ళది. కోరలీ గుర్రం అందరికంటే చివర, ఏదో వాకింగ్‌కి వచ్చినట్టు వచ్చింది. ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. అప్పుడు వెర్నా గ్లాసు మీద చెంచాతో కొట్టి, చివరి గుర్రానికీ బహుమతి ఉందని ప్రకటించింది. బహుమతి ఒక విటమిన్ సూది. వెర్నాకి తెలిసిన ఒకావిడ, నర్సునని చెప్పుకున్నావిడ, వెనక గదిలో కూర్చోబెట్టి బుగ్గల్లో పొడిచింది. మొహానికి కళ వస్తుందంది. వచ్చింది కూడా.

మూడేళ్ళుగా కోరలీకి అది నవ్వుకునే జ్ఞాపకం. ఇప్పుడు ఆ బల్ల మీద పడుకుని, బుగ్గల మీద జెల్లు ఆరుతుండగా, ఒక్క సంగతి గుచ్చుకుంది. బహుమతి మాట పందెం ముందు ఎవరూ అనలేదు. పందెం అయిపోయి, చివరి గుర్రం ఎవరిదో తేలాకే అది పుట్టింది.

* * *

"నువ్వు కార్లో ఉండు" అంది కోరలీ, వెర్నా ఇంటి ముందు.

"అమ్మా, నేనూ..."

"ఉండమన్నాను."

వెర్నా పెరట్లో ఉంది. గొడుగులా విచ్చుకుని గాలికి తిరిగే దండెం మీంచి ఆరిన దుప్పట్లు తీస్తోంది. చెల్లెల్ని చూసి, ఇంకో దుప్పటి వెనక్కి జరిగింది.

"వర్షం వచ్చేలా ఉంది కోరీ."

"పందెం అయ్యాక ఎందుకు చెప్పావు బహుమతి సంగతి?"

"ఏ పందెం?"

"వెర్నా!"

దుప్పటి వెనక చేతులు ఆగాయి. క్లిప్పులు ఒక్కొక్కటే బుట్టలో పడుతున్న చప్పుడు కూడా ఆగింది.

"చివరి గుర్రం నీదని చూశాకే అన్నాను" అంది. "నీది మొదటొస్తే మొదటి గుర్రానికి అనేదాన్ని. ఏదొచ్చినా నీకే వచ్చేది."

"నాకే ఎందుకు?"

"ఆవిడ నాకే వేస్తానంది. నాకు ధైర్యం చాలలేదు."

కోరలీకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక దండెం కమ్మీ పట్టుకుని నిలబడింది.

"ముందు నాకు వేయించి చూశావు."

"ఆరు నెలలు చూశాను. నీకేమీ కాలేదు. బావుంది. అప్పుడు నేనూ వేయించుకున్నా."

"టాలబజరా వాగు దగ్గర కూడా అంతే చేసేదానివి. నాకు నాలుగేళ్ళు. ముందు నన్ను దింపి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, అప్పుడు నువ్వు దిగేదానివి."

"మునిగిపోనిచ్చానా నిన్ను ఎప్పుడైనా?"

"ఇప్పుడు మునిగాను! నా మొహంలో ఏముందో డాక్టరుకే తెలియదంట. తీయగలరో లేదో కూడా చెప్పలేదు. అందుకేగా నా పేరుతో ఫోన్ చేశావు? స్కాన్లో బయటపడుతుందని!"

వెర్నా దుప్పటి లాగేసింది. ఇద్దరి మధ్యా ఇప్పుడు ఏమీ లేదు. పగటి వెలుతురులో అక్క మొహాన్ని ఇంత దగ్గరగా చూసి చాలా కాలమైంది. పౌడరు మందంగా ఉంది. వెర్నా చెల్లెలి చేతిని పట్టుకుని, తన ఎడమ బుగ్గ మీదికి తెచ్చి నొక్కింది.

"ఇక్కడ చూడు."

చర్మం కింద బఠాణీ గింజంత గట్టిగా తగిలింది. కోరలీ వేలు వెనక్కి తీసుకోబోతే వెర్నా తీసుకోనివ్వలేదు. కొంచెం కిందికి జరిపింది. అక్కడ ఇంకొకటి.

"మెషీను పెట్టించుకున్న మూడో నెలలో వచ్చింది మొదటిది. రెండోది పోయిన నెల."

"మెషీను వల్లేనా?"

"నాకేం తెలుసు? ఎవర్ని అడగను? అడగాలంటే ముందు చెప్పాలిగా. నీకూ ఇలా అవుతుందని భయపడి చేశాను కోరీ, ఆ ఫోను. ఒట్టు."

వెర్నా కళ్ళలో నీళ్ళు నిజమైనవే. కోరలీకి జాలి వేసింది. దగ్గరికి తీసుకోవాలనిపించింది. ఒక చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి మధ్యలో ఆగింది. ఇళ్ళు అమ్మే మనిషికి తేదీలు మర్చిపోయే అలవాటు ఉండదు.

"నేను బుక్ చేసి మూడు వారాలైంది. అప్పటికే నీకు ఒక గడ్డయినా వచ్చేసింది. బుక్ చేసిన రోజే నీకు చెప్పాను, వెర్నా. మంచి పని చేశావన్నావు. మూడు వారాలు నోరు మెదపలేదు. ఆదివారం స్కాన్ అన్నాను. నిన్న ఫోన్ చేశావు."

వెర్నా చేతిలోని దుప్పటి మడవడం మొదలుపెట్టింది.

"భయపడింది నా బుగ్గ గురించా, నీ గుట్టు గురించా?"

వెర్నా కింద పడిన క్లిప్పు ఒకటి వంగి తీసుకుంది. దాన్ని బుట్టలో వెయ్యకుండా చేతిలో తిప్పుతూ నిలబడింది.

పక్క గేటు తెరుచుకుంది. టామ్సిన్ కార్లో ఉండలేదు. ఎప్పట్నుంచి వింటోందో గానీ, మొహం మాత్రం కూతురి మొహంలా లేదు, నర్సు మొహంలా ఉంది.

"పెద్దమ్మా, ఆవిడ మళ్ళీ వచ్చిందా ఈ ఇంటికి?"

వెర్నా కోరలీ వైపు చూసింది, చెప్పనా అని అనుమతి అడుగుతున్నట్టు.

"తర్వాతి కప్ భోజనానికి వచ్చింది. ఆ తర్వాతి ఏడూ వచ్చింది."

"ఎంతమందికి వేసింది?"

"భోజనానికి వచ్చినవాళ్ళందరికీ. పదకొండు మంది."

"అంతమందీ విటమినని నమ్మారా?" అంది టామ్సిన్.

"లేదు. వాళ్ళకి నిజమే చెప్పాం, ఫిల్లరని." వెర్నా చెల్లెలి వైపు తిరిగింది. "ఎవరూ భయపడలేదు. ఎవరికైనా అనుమానం వస్తే నిన్ను చూపించేదాన్ని కోరీ. బోర్డు మీది ఫోటోని కాదు, ఎదురుగా నిన్నే. ఇదిగో, మా చెల్లెలు వేయించుకుంది, ఏమైందీ అనేదాన్ని. నీ మొహం చూసే అందరూ ఆ సూదికి కూర్చున్నారు."

చినుకులు మొదలయ్యాయి. దండెం మీద ఇంకా మూడు దుప్పట్లు ఉన్నాయి. ముగ్గురిలో ఎవరూ వాటిని తియ్యలేదు.